నాలుగో అట్టపెట్టె

ముగ్గురున్న ఇంట్లో నాలుగు అట్టపెట్టెలు బయటపడిన దగ్గర పోయినవారం కథ ఆపాను. చదవనివాళ్లకూ, చదివి మర్చిపోయినవాళ్లకూ కలిపి ఒకసారి చెప్పేస్తాను. గుర్తున్నవాళ్లు రెండు పేరాలు దాటేసినా నేనేమీ అనుకోను.

ఆ ఇంటి కోడలు లైబ్రేరియన్. లైబ్రరీలో ఏడాదికోసారి ఏరివేత జరుగుతుంది. పుస్తకం వెనక అంటించిన చీటీ మీద ఐదేళ్లుగా తేదీ ముద్ర పడలేదంటే ఆ పుస్తకం బండెక్కాల్సిందే, ఎంత గొప్పవాళ్లు రాసినా సరే. పోయిన ఏడాది ఆవిడ ఈ పద్ధతిని ఇంటికి పట్టుకొచ్చింది. ఉంచాలో పారెయ్యాలో తేలని వస్తువులన్నీ ఎవరికి వాళ్లు ఒక అట్టపెట్టెలో వేసుకోవాలి. పైన టేపు వేసి, టేపు మీద లైబ్రరీ తేదీ ముద్ర కొట్టి, అత్తగారి మంచం కిందికి తోసెయ్యాలి. ఏడాది నిండిన రోజున, లోపల ఏముందో పెట్టినవాళ్లు చూడకుండా చెప్పాలి. చెప్పినవి ఉంటాయి. చెప్పలేనివి పాత సామాన్ల బండిలో పోతాయి, అవేమిటో ఒకసారి చూడటం కూడా ఉండదు.

ఆ రోజు రానే వచ్చింది. ఆదివారం. బండి పదకొండింటికి వస్తుంది. భర్తకు వీధి చివర తాళాలు బాగుచేసే దుకాణం ఉంది. ఎవరి తాళం ఏ ఏడు ఎందుకు చెడిందో చెప్పగల మనిషి తన పెట్టెలోంచి మూడు వస్తువుల పేర్లు మాత్రమే చెప్పగలిగాడు. అత్తగారు తన పెట్టెలోవన్నీ గడగడా అప్పజెప్పి గెలుచుకుంది. కోడలి వంతు వచ్చేసరికి, "నాకేమీ గుర్తులేదు. అంతా తీసుకెళ్లనివ్వండి" అని చేతులు దులిపేసుకుంది. ఆ మాట అనడంలో కొంచెం గర్వం కూడా ఉంది. సరే, అయిపోయిందనుకుని మంచం కింద చీపురు తోస్తే నాలుగో పెట్టె తగిలింది.

ఇప్పుడు పదిన్నర.

కోడలు ఆ పెట్టెను ముందుగదిలోకి ఈడ్చుకొచ్చింది. ముందుగది అంటే మీరు ఏవేవో ఊహించుకునేరు. మూడు కుర్చీలు, ఒక బల్ల, గోడకు ఒక కొక్కెం. అంతే. ఒకప్పుడు ఆ గోడకు పెద్ద చెక్కపలక, దాని నిండా కొక్కేలు, కొక్కేల నిండా తాళంచెవులు ఉండేవి. ఏరివేతలో అవన్నీ పోగా మిగిలిన ఒక్క కొక్కేనికి కోడలి చేతిసంచి వేలాడుతోంది. ఇంట్లో గ్లాసులు కూడా మూడే. చుట్టాలు వస్తే ముందు వాళ్లు టీ తాగాలి, కడిగాక ఇంటివాళ్లు తాగాలి. అందువల్లో ఏమో, చుట్టాలు రావడం తగ్గించారు.

పెట్టె మిగతా మూడింటిలాగే ఉంది. అదే టేపు, అదే తేదీ ముద్ర. కాకపోతే ముద్ర తలకిందులుగా పడింది.

"ఇది మీదా?" అని కోడలు భర్తను అడిగింది.

"నాది కాదు. ఉన్న ఒక్కదానికే నాకు నోరు పెగల్లేదు, ఇంకోటి కూడానా?" అన్నాడు తాళాలాయన. ఆదివారం కూడా ఆయన చేతిలో ఏదో ఒక తాళంచెవి ఉంటుంది. కోయడం అయ్యాక ప్రతిదాని మెడ మీదా ఆకురాయితో ఒక సన్న గీత గీస్తాడు. రేపు ఎవరైనా వచ్చి ఇది పట్టట్లేదని గొడవపెట్టుకుంటే, అది తను కోసిందో కాదో ఆ గీతే చెప్తుంది. నమూనాకు తెచ్చిన అసలు తాళంచెవి మీద మాత్రం గీత పెట్టడు, అది తను చేసింది కాదు కాబట్టి. ఇప్పుడు కూడా ఒళ్లో గుడ్డ పరుచుకుని గీత గీస్తున్నాడు.

"ఎవరిదీ కాకపోతే బండిలోకే," అంది కోడలు.

"నాదే," అంది పెద్దావిడ.

ఆవిడ గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని కళ్లద్దాలు తుడుచుకుంటోంది. డెబ్బై దాటినా నడుం వంగలేదు, నోరు అసలే వంగలేదు.

"మీది అయిపోయింది కదా అత్తయ్యా. మనిషికొకటే అనుకున్నాం."

"నువ్వు అనుకున్నావు. ఫ్రిజ్ మీద అంటించిన కాగితంలో ఆ ముక్క ఎక్కడుందో చూపించు."

కోడలు వంటింట్లోకి వెళ్లి చూసింది. టైపు చేసి, కింద సంతకాలు కూడా తీసుకున్న కాగితం. రూళ్లు ఏడున్నాయి. మనిషికి ఒకటే పెట్టె అన్నది వాటిలో లేదు. ఇరవై ఏళ్లుగా లైబ్రరీలో ఇతరులు రాసిన కాగితాల్లో తప్పులు పట్టిన మనిషి, కాసేపు ఫ్రిజ్ ముందే నిలబడిపోయింది.

తిరిగొచ్చి, "సరే, చెప్పండి," అంది.

పెద్దావిడ కళ్లద్దాలు పెట్టుకుంది. "కాడ ఊడిన గరిటె."

"అది..." కోడలు ఆగింది. "అది నేను పారేశాను కదా."

"పారేశావు. ఒక మంగళవారం."

"మరి ఇందులోకి ఎలా వచ్చింది?"

"నడిచి రాలేదులే, నేనే తెచ్చా. తర్వాత, పెద్దముల్లు లేని గోడగడియారం. పోయిన చలికాలం వెళ్లగొట్టావు దాన్ని."

తాళాలాయన తలెత్తాడు. ఆ గడియారం ఆయన తండ్రిది. అది పోయిందని ఆయనకు ఇప్పటిదాకా తెలియదు. తెలియలేదే అని ఇప్పుడు కొంచెం సిగ్గేసింది.

"అంటే ఏడాది పొడుగునా మీరు దీన్ని తెరుస్తూనే ఉన్నారా? మూత తెరవకూడదని రాశాను కదా," అంది కోడలు.

"మూత తెరిస్తే ఒట్టు. పెట్టెను బోర్లించి అడుగున తెరిచా. అడుగు గురించి నీ కాగితంలో ఏమీ లేదు. ఈ ఇంట్లో నువ్వు చెయ్యిపెట్టని చోటు ఇదొక్కటే కదా అమ్మాయ్. వంటింటి అలమర చూస్తావు, నా దిండు కింద చూస్తావు. నువ్వు ముద్ర కొట్టిన పెట్టె మాత్రం ముట్టుకోవు. అందుకే ముద్ర నేనే కొట్టుకున్నా, నీ సొరుగులోది తీసి."

తాళాలాయన పకపకా నవ్వాడు. ఆయన ఇంట్లో నవ్వి ఎన్నాళ్లయిందో తెలియదు కానీ, ఆడవాళ్లిద్దరూ ఒకసారి ఆయన వైపు చూశారు.

పెద్దావిడ వేళ్లు మడుస్తూ చెప్పుకుపోయింది. నువ్వు ఈ ఇంటికొచ్చిన మొదటి చలికాలం వేసుకున్న ఎర్ర స్వెట్టరు. వీడు పన్నెండేళ్లప్పుడు కోసిన మొట్టమొదటి తాళంచెవి, ఏ తాళానికీ పట్టనిది. ఒక కాలు లేని స్టూలు తాలూకు మరో కాలు. వర్షంలో తడిసి ఉబ్బిన వంటల పుస్తకం. మన ముగ్గురి ఫోటో.

"ఆ ఫోటోలో ముగ్గురికీ తలలు లేవు కదా అత్తయ్యా. ఎవరో సరిగ్గా తీయలేదని పారేశాను."

"కాళ్లున్నాయి. ఎవరి కాళ్లు ఎవరివో నాకు తెలుసు."

కోడలికి మొదట ఒళ్లు మండింది. ఏడాదిగా తను బయటికి పంపుతుంటే ఈవిడ లోపలికి తెస్తోంది! ఎర్ర స్వెట్టరు దగ్గర ఆ మంట కాస్త చల్లారింది. దాన్ని పారేసిన రోజు తనకే బాధగా అనిపించిందని గుర్తొచ్చింది. ఆ వెంటనే ఇంకొకటి కూడా గుర్తొచ్చింది. ఈ ఏడాదిలో తను చెత్తబుట్టలో వేసినవి ఏమేమిటి? గరిటె, గడియారం, స్వెట్టరు... నాలుగు నెలల కిందట, ఒక సాయంత్రం, ఒక కాగితం.

ఆవిడ పెట్టె మీద చెయ్యి వేసి అదిమిపట్టింది.

"చాలు అత్తయ్యా," అంది తొందరగా. "అన్నీ మీకు గుర్తున్నాయి కదా. పెట్టె పెట్టెలాగే ఉంచేసుకోండి. తెరవనక్కర్లేదు."

రూలు పెట్టిన మనిషే రూలు వద్దనడం ఆ ఇంట్లో అదే మొదలు. తాళాలాయన ఆకురాయి పక్కన పెట్టాడు.

"ఇంకొకటే ఉంది," అంది పెద్దావిడ. "నాలుగు ముక్కలు చేసిన కాగితం. టీ పొడిలో తడిసి ఉంది. కిటికీ దగ్గర ఆరబెట్టి, పిండి ఉడికించి జిగురు చేసి, పాత క్యాలెండర్ అట్ట మీద అతికించా. ఒక మూల ముక్క దొరకలేదు. మిగతాదంతా ఉంది."

"ఏం కాగితం?" అన్నాడు తాళాలాయన.

ఆయన లేచి, జేబులోని చిన్న కత్తితో పెట్టె తెరిచాడు. చెప్పినవి చెప్పినట్టు ఒక్కొక్కటే బల్ల మీద పెట్టాడు. గడియారాన్ని కాసేపు చేతిలోనే ఉంచుకున్నాడు. అడుగున అట్ట దొరికింది. దాన్ని వెలుతురు వైపు తిప్పబోతుంటే తల్లి ఆపింది.

"చదవకురా. ఊరికే పట్టుకో."

తర్వాత కోడలి వైపు తిరిగింది. గొంతు పెంచలేదు.

"ఇది నాది కాదు అమ్మాయ్. నీది. నీ పద్ధతే పెట్టుకుందాం. గుర్తులేదన్నావంటే బండిలో పడేద్దాం. వీడు చదవడు, నేనూ మర్చిపోతా, మధ్యాహ్నానికి అన్నం తిని పడుకుందాం. గుర్తుందంటే చూడకుండా చెప్పు. చెప్తే నీదే. నీ ఇష్టం."

చూశారా, ఎంత దారి వదిలిందో పెద్దావిడ! గుర్తులేదన్న మాట కోడలికి కొత్తది కాదు. గంట కిందట తన పెట్టె మొత్తాన్ని ఆ ఒక్క మాటతో వదిలించుకుంది. ఇప్పుడూ అదే అంటే కాగితం పోతుంది, సంసారం ఉన్నచోటే ఉంటుంది. ఆవిడ నోరు తెరిచింది కూడా. కానీ బల్ల మీద తన ఎర్ర స్వెట్టరు కనబడుతోంది, ఎవరో ఉతికి మడతపెట్టినట్టుంది. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు.

"తమరి దరఖాస్తు పరిశీలించడమైనది," అంది.

తాళాలాయనకు అర్థం కాలేదు. అట్ట మీదికి చూపు పోయింది. మొదటి వరుస అదే.

"కొండ మీది ఊళ్లో మా శాఖా గ్రంథాలయానికి తమరిని లైబ్రేరియన్‌గా నియమించుటకు సమ్మతిస్తున్నాము." కోడలు గోడ వైపు చూస్తూ చెబుతోంది. "పుస్తకములు సుమారు తొమ్మిది వేలు కలవు. సహాయకులు లేరు. నివాసమునకు గ్రంథాలయము వెనుక ఒక గది కలదు."

ఆయన వేలు వరుస వెంట వరుసగా కదులుతోంది. చిన్నప్పుడు బడిలో కూడా అంత శ్రద్ధగా చదివి ఉండడు.

"గది ఒక్కరికి మాత్రమే సరిపోవును," అంది కోడలు.

వేలు అక్కడ ఆగింది.

"తమరి సమ్మతి తెలియజేయగలరు. తర్వాత తేదీ, సంతకం." ఆవిడ చెప్పడం ఆపేసింది. ఒక్క మాట కూడా తప్పు పోలేదు.

బయట వీధిలో ఎవరో సైకిల్ బెల్లు కొట్టుకుంటూ పోయారు. తాళాలాయన అట్టను బల్ల మీద పెట్టాడు.

"దరఖాస్తు నువ్వే పెట్టుకున్నావా?"

"నేనే."

"నాతో ఒక్క మాట చెప్పలేదేం?"

"చెప్పాను. ఇది వచ్చిన రోజు మీ దుకాణానికి వచ్చి, మీతో ఒక విషయం మాట్లాడాలి అన్నాను. మీరు మిషన్ మీద వంగి ఉన్నారు. ఊఁ, చెప్పు అన్నారు. తల ఎత్తలేదు. సరే, మిషన్ ఆగాక చెబుదామని కూర్చున్నా. ఆగాక ఇంకో తాళంచెవి పెట్టారు. ఇంటికొచ్చి దీన్ని చింపేశాను. ఆ విషయం ఏమిటని మీరు ఇవాళ్టికీ అడగలేదు."

"నాకు... నేను వినలేదు."

"తెలుసు. ఇంట్లో ఇన్ని సామాన్లుంటే మనిషి ఎలా కనబడుతుందిలే అనుకున్నా. ఏడాదిగా తీసేస్తూ వచ్చా. కుర్చీలు, అలమరలు, గడియారం. అది మీ నాన్నగారిదని నాకు తెలుసు. అది పోతేనన్నా అడుగుతారని పారేశాను. అడగలేదు. ఇల్లంతా ఖాళీ అయింది కానీ నేను మాత్రం కనబడలేదు."

ఆవిడ ఏడవలేదు. ఏడుపు వచ్చినా ఆపుకుని ఉంటుంది. భార్య అంటే తాళాలాయనకు ఇష్టమే. ఆ సంగతి ఆవిడకు తెలిసే ఉంటుందని పంతొమ్మిదేళ్లుగా అనుకుంటూ వచ్చాడు, చెప్పాల్సిన పని ఒకటి ఉంటుందని తట్టలేదు. ఆయన ఆ కాగితాన్ని మళ్లీ అందుకుని కింద తేదీ చూశాడు. చూడగానే ప్రాణం లేచొచ్చింది.

"ఇది నాలుగు నెలల కిందటిది! నువ్వు చింపేశావు కూడా. అంటే వెళ్లకూడదనే కదా అనుకున్నావు. అయిపోయిందిగా ఇంక."

"అది మొదటి కాగితం," అంది కోడలు. "వాళ్లకు ఎవరూ దొరకలేదట. పోయిన నెల మళ్లీ రాశారు. దాన్ని చింపలేదు. వస్తానని జవాబు కూడా రాశాను. మూడు వారాల కిందట మీటింగ్ అని చెప్పి వెళ్లానే, గది చూడటానికే వెళ్లాను."

"ఎప్పుడు చేరాలి?"

"ఎల్లుండి."

అదే సమయానికి బండి హారన్ మోగింది. ఎవరూ కదల్లేదు.

"చెప్పకుండా వెళ్లేదాన్ని కాదు. ఇవాళ ఈ పెట్టెల పని కాగానే చెబుదామనుకున్నా," అంది కోడలు నెమ్మదిగా. "కాగితం సంచిలోనే ఉంది. నమ్మకపోతే చూసుకోండి."

తాళాలాయన కొక్కెం దగ్గరికి నడిచాడు. నమ్మక కాదు, చేతులకు ఏదో ఒక పని కావాలి. సంచిలో చెయ్యి పెడితే ముందు కవరు తగిలింది. దాని పక్కన చల్లగా ఇంకోటి తగిలింది. బయటికి తీశాడు. ఇత్తడి తాళంచెవి, పళ్లు పెద్దవి, పాతకాలపు రకం.

"ఇది ఆ గదిదా?"

"ఆఁ. చూడ్డానికెళ్లినప్పుడు ఇచ్చారు."

ఆయన దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి అటూ ఇటూ తిప్పాడు. భార్య దరఖాస్తు పెడితే తెలియలేదు, గడియారం పోతే తెలియలేదు, కానీ తాళంచెవి సంగతి ఆయన కళ్లను దాటిపోదు. మెడ మీద సన్నగా ఒక గీత ఉంది.

"ఇది వాళ్లిచ్చింది కాదు," అన్నాడు. "ఇది నేను కోసింది."

"మీరెలా కోస్తారు? నేనెప్పుడూ మీకు ఇవ్వలేదే!" కోడలు లేచి నిలబడింది.

"నువ్వివ్వలేదు." తాళాలాయన తల్లి వైపు తిరిగాడు. "రెండు వారాల కిందట నువ్వు దుకాణానికొచ్చి ఇలాంటిదే ఇచ్చావు. పై వాటాలో వాళ్లది, డూప్లికేట్ కావాలి అన్నావు. ఎవరిదని అడగబోతే, నీకెందుకురా కొయ్యి అన్నావు."

"అన్నాను," అంది పెద్దావిడ. "అమ్మాయి సంచి మర్చిపోయి పనికెళ్లింది ఆ రోజు. పెన్ను కోసం చెయ్యిపెడితే ఇదీ, ఆ రెండో ఉత్తరం తగిలాయి. చదివాను. దాచడం ఎందుకు."

"మరి అసలుది ఏదీ?"

పెద్దావిడ కళ్లద్దాల డబ్బా తెరిచి, గుడ్డ కింద నుంచి ఒక ఇత్తడి తాళంచెవి తీసి ఒళ్లో పెట్టుకుంది. దాని మెడ మీద గీత లేదు.

"డూప్లికేట్లు ఒక్కోసారి పట్టవని నువ్వే అంటుంటావు కదరా. అందుకని అసలుది నేను ఉంచుకున్నా."

"నువ్వు ఉంచుకోవడం ఏమిటమ్మా? నీకెందుకది?"

"నీతో ఉంటే రోజుకు రెండు ఊఁలు. ఈ అమ్మాయితో ఉంటే పొద్దస్తమానం పోట్లాడుకోవచ్చు. గది ఒక్కరికే అని రాశారు. ఇద్దరం సర్దుకుంటాం, ఎలాగూ దీనికి సామాన్లుండవు." ఆవిడ లేచి, తన గది తలుపు వెనక నుంచి చిన్న సంచి ఒకటి తెచ్చి గుమ్మంలో పెట్టింది. జిప్పు వేసి ఉంది. "మొన్ననే సర్దేశా."

కోడలు కూర్చుందామని వెనక్కి చెయ్యి పెట్టింది, కుర్చీ అందలేదు.

తలుపు తట్టిన చప్పుడైంది. బండి మనిషి లోపలికి తొంగిచూసి, బండి కోసం మూలన పెట్టిన పెట్టెలు ఒక్కొక్కటిగా బయటికి మోసుకెళ్లాడు. చివరిసారి తిరిగొచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. గదిలో తీసుకెళ్లాల్సింది ఇంకేమీ కనబడలేదు. చేతిలో తను కోసిన తాళంచెవితో, గది మధ్యలో తాళాలాయన ఒక్కడే అడ్డంగా నిలబడి ఉన్నాడు.

"అయిపోయినట్టేనా అమ్మా?" అని అడిగాడు బండి మనిషి. "ఇంకేమైనా వదిలించుకోవాల్సింది ఉందా?"

ఆడవాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.